ముందుగా తీసిన ముద్ద

చతుర్ముఖ బ్రహ్మ కోవెల గల చేబ్రోలుకు చేరువన, కొత్తరెడ్డిపాలెమను పల్లెయందు, తాము ఇజ్రాయేలు గోత్రములలో ఒకటియైన ఎఫ్రాయిము సంతతివారమని విశ్వసించి, యూదు ధర్మమును అవలంబించుచున్న కొన్ని పదుల తెలుగు కుటుంబములు కలవు. మాదిగవాడలలో పుట్టి, ఒకనాడు బాప్టిస్టు సంఘములలో మెలగి, షమూయేలు, సాదోకు అను యాకోబి సోదరుల మార్గదర్శకత్వమున 1991లో ప్రార్థనామందిరమును నెలకొల్పుకొనిన వీరిని లోకము బెనే ఎఫ్రాయిములని వ్యవహరించుచున్నది. వీరి పలుకు మన తెలుగే. వీరిలో పెక్కుమంది బ్రతుకుతెరువు ఈ నల్లరేగడి నేల ఎరిగిన కూలిపనియే.

వీరి వంశమూలమును గూర్చి చర్చ చాల జరిగినది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు 2013లో వీరిపై ఒక గ్రంథమునే వెలువరించిరి. ఎన్నడో చెదరిపోయిన గోత్రమునకు పత్రములు చూపుమని నిరుపేద కూలివానిని నిలదీయుట న్యాయముగా నాకు తోచదు. వారు కోరి చేపట్టిన ధర్మము వారమునకొకసారి మనుష్యునిచేత ఏమి చేయించుచున్నదో తెలిసికొనుట, ఇరుగుపొరుగువారమైన మనకు అంతకంటె శ్రేయస్కరము.

యూదులకు విశ్రాంతిదినము శుక్రవారపు సూర్యాస్తమయముతో ఆరంభమగును. ప్రొద్దు గ్రుంకక మునుపే గృహిణి దీపములు వెలిగించును. ద్రాక్షరసముపై ఆశీర్వచనము పలికిన పిమ్మట, వస్త్రము కప్పియుంచిన రెండు రొట్టెలను ఇంటిల్లిపాదియు పంచుకొని భోజనమునకు ఉపక్రమింతురు. ఆ రొట్టె పేరు హల్లా. ఇజ్రాయేలీయులు అరణ్యమున సంచరించు కాలమున, దైవము ప్రసాదించిన మన్నా అను ఆహారము ఆరవ దినమున రెండింతలుగా లభించెనని వారి ధర్మగ్రంథములోని నిర్గమకాండము చెప్పుచున్నది. విశ్రాంతిదినమున ఏరుకొనుటకు పోవలసిన పని లేకుండ ముందునాడే దొరికిన ఆ రెండవ పాలునకు గుర్తుగానే రొట్టెలు రెండు.

హల్లా అను మాటకు అసలు అర్థము రొట్టె కాదు, పిండినుండి ముందుగా తీసి వేరుచేసిన ముద్ద. సంఖ్యాకాండము పదునైదవ అధ్యాయమున విధింపబడిన ఆ ముద్ద యెరూషలేమున యూదుల దేవాలయమున్న నాళ్లలో యాజకునకు చెల్లెడిది. నేడు దానిని ఎవరును తినక అగ్నికి అర్పింతురు. గోధుమ, యవలు మొదలైన అయిదు ధాన్యముల పిండికే ఈ విధి. మన వరిపిండికి వర్తింపదు. పిండి కొలది చాలనిచో ముద్ద తీయవలసిన పని లేదు. సుమారు కిలోంబావుకు మించి కలిపినప్పుడే ఆ నియమము పట్టును.

ఈ రొట్టెను మా వంటయింట చేయించి చూచితిని. అరకిలో మైదాకు రెండు గ్రుడ్లు, కొంచెము నూనె, చక్కెర, ఉప్పు, చెంచాడు ఈస్టు, గోరువెచ్చని నీరు చాలును. మాంసమును పాలను కలిపి భుజింపరాదను నియమము వలన ఇందు నేయి గాని వెన్న గాని చేరదు. చలిదేశములలో వెచ్చని చోటు వెదకి పొంగనీయవలసిన పిండి, మన చైత్రవైశాఖముల ఎండకు గంట తిరుగక మునుపే రెట్టింపైనది. మా మనుమరాలు దానిని మూడు పాయలుగా సాగదీసి, తన జడవలె అల్లి, పైన గ్రుడ్డుసొన పూసి నువ్వులు చల్లినది. అవెను లేని లోటును, ఇసుక పోసి మూతపెట్టిన దళసరి గిన్నె తీర్చినది. ఆ అల్లిక ఎఱుపెక్కి, పరిమళము వాకిటివరకు వ్యాపించినప్పుడు, శుక్రవారము దీపము పెట్టి లక్ష్మిని పిలుచు మన లోగిలికి ఆ రొట్టె పరాయిదని నాకు అనిపింపలేదు.

అయితే ఆ రాత్రి నన్ను వెన్నంటిన ఆలోచన వేరు. కలుపుట, పొంగనిచ్చుట, అల్లుట, కాల్చుట, ఇవియన్నియు మధ్యాహ్నమే ఇల్లు చేరిన చేతులు చేయవలసిన పనులు. మాఘఫాల్గుణములలో మిరపకోతలకు తెల్లవారకముందే ఆటో ఎక్కి, ఘాటుకు మండు చేతులతో చీకటిపడినపిదప మరలివచ్చు తల్లికి ఆ మధ్యాహ్నము ఎక్కడిది? పత్తితీతలలో ఒక దినము నాగా చేసిన యెడల ఆ దినపు కూలి పోవును. అందుచేత కూలివాని విశ్రాంతి, అతడు ఏ మతస్థుడైనను, అతని కంచములోని కూడును కోసి కొన్నదియే యగును. నెలజీతగానికి ఆదివారము జీతములోనే చేరియుండగా, జగత్ప్రసిద్ధమైన గుంటూరు మిర్చికి ఎఱుపునిచ్చిన చేతులకు ఆ భాగ్యమేల ఉండరాదు?

ఈ కోరిక క్రొత్తది కాదు. 1948 నాటి కనీస వేతనముల చట్టము తన 13వ సెక్షనునందు, ఏడు దినములలో ఒక దినము విశ్రాంతిని, దానికి వేతనమును నిర్ణయించు అధికారమును ప్రభుత్వమునకిచ్చి, వ్యవసాయమును సైతము తన అనుబంధమున చేర్చినది. 2019 నాటి వేతన స్మృతియు ఆ అధికారమును నిలిపినది. కాగితముపై ఏడు దశాబ్దములకు మించి నిలిచియున్న మాట కళ్ళములోనికి దిగిరావలెనని నేను అడుగుచున్నాను. విత్తనము, ఎరువు, పురుగుమందు, కౌలు అని పంట పెట్టుబడిని లెక్కగట్టునాడే, కోతల వారములలో కూలివారి విశ్రాంతిదినపు వేతనమును రైతు, మేస్త్రీ కలిసి ఒక పద్దుగా వ్రాసికొనవలెను. ధర పతనమైన యేట చిన్నరైతు ఒక్కడే ఆ భారమును మోయలేడు గనుక, ప్రభుత్వము అందులో పాలుపంచుకొనవలెను.

చివరకు మిగిలినచో ఇత్తుమనుకొనిన విశ్రాంతి ఏ యేటను మిగులదు. కొత్తరెడ్డిపాలెము వారు చేపట్టిన ధర్మము ఈ సూక్ష్మమును రొట్టెపిండిలోనే కలిపి ఉంచినది: తినుటకు మునుపే, కాల్చుటకు మునుపే, ముద్ద తీసి వేరుగా ఉంచవలెను.