కర్త లేని పాటకు ఆకరమూ లేదా?

జానపద గేయం అజ్ఞాతకర్తృకం కనుక దానికి ఆకరం చూపనక్కరలేదనే ధోరణి పరిశోధన వ్యాసాలలో కనిపిస్తోంది. పాట కింద ఒక యూట్యూబ్ లంకె చేర్చి బాధ్యత తీరిందనుకుంటున్నారు. ఇది అంగీకరింపరానిది. కర్త తెలియకపోవచ్చు, పాడినవారు, సేకరించినవారు, ఊరు, కాలం ఆరా తీస్తే తెలిసేవే.

అంతర్జాలాన్ని నిందించడం ఇక్కడి ఉద్దేశం కాదు. జె.ఎ. బాయిల్ సర్వాయి పాపని కథాగేయాన్ని 1874లో ‘ఇండియన్ యాంటిక్వెరీ’లో ప్రకటించారు. ఆ సంపుటి ఛాయాప్రతి నేడు అంతర్జాలంలోనే లభిస్తోంది. సంపుటి, సంవత్సరం, పుట చూపగలం కనుక అది ఆకరం. అదే గేయాన్ని ఎవరో పేరు చెప్పకుండా టైపు చేసి పెడితే, అందులో ఏ చరణం పాడినవారిదో, ఏది ఎక్కించినవారిదో తేల్చలేం. అటువంటి పాఠంపై పాఠాంతర చర్చ నిలవదు.

నష్టం పాఠానికే పరిమితం కాదు. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రం కోసం ‘సారంగదరియా’ పాట వెలువడినప్పుడు, సేకరణ గౌరవం ఎవరిదన్న వివాదం పత్రికలకెక్కింది. సినిమాను ప్రశ్నించిన మనం మన పాదసూచికలలో గాయకుల పేర్లు వదిలేయడం ఏ న్యాయం?

గాయకులు, స్థలం, కాలం, సేకర్త: ఈ వివరాలు లేని గేయాన్ని ప్రస్తావించవచ్చు, దానిపై నిర్ధారణ చేయరాదు. చేసిన వ్యాసాన్ని పరిశీలకులు తిప్పి పంపాలి.