సక్సెస్‌కి మూడు స్పెల్లింగులు

లైనక్స్ కెర్నెల్‌లో ఆడిట్ అని ఒక భాగం ఉంది. 2004లో 2.6 సిరీస్‌లో చేరింది. ఎవరు ఏ ఫైలు తెరిచారు, ఎవరు లాగిన్ అవ్వబోయి ఫెయిలయ్యారు, సెక్యూరిటీ రూల్స్ ఎవరు మార్చారు, ఇవన్నీ లైన్లు లైన్లుగా రాసిపెట్టడం దాని పని. ఆ లైన్లలో ఒక చిత్రం ఉంది. పని జరిగిందా లేదా అనే ఒక్క ముక్క చెప్పడానికి మూడు పద్ధతులు. సిస్టమ్ కాల్ రికార్డులో 'సక్సెస్=యెస్' అని ఉంటుంది. ఆడిట్ సెట్టింగ్ మారిస్తే వచ్చే రికార్డులో 'రెస్=1'. లాగిన్ రికార్డులో 'రెస్=సక్సెస్', కాకపోతే 'రెస్=ఫెయిల్డ్'. (అసలు లాగ్‌లో ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాలే, మన పత్రిక కోసం తెలుగులో రాస్తున్నా.)

"చదివితే అర్థమవుతోందిగా, ఇంకేంటి?" అంటారు మా క్లాసులో సగంమంది. మనిషి చదివితే నిజమే. కానీ లక్షల లైన్ల లాగ్‌ని మనిషి కూర్చుని చదవడు, ప్రోగ్రామ్ చదువుతుంది. 'రెస్=ఫెయిల్డ్' కోసం వెతికే స్క్రిప్టుకి 'రెస్=0' కనపడదు. పోనీ ఎర్రర్ అయినా ఇస్తుందా అంటే అదీ లేదు. ఏమీ దొరకలేదు అని చెప్పి ఊరుకుంటుంది. సెక్యూరిటీలో ఇంతకంటే ప్రమాదమైన జవాబు ఉండదని నా అభిప్రాయం.

ఈ బాధ మన తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా. ఆధార్‌లో చివర. ఇంకో కార్డులో ఉత్త ఇనీషియల్. మనిషి ఒక్కడే. కౌన్సెలింగ్ వెరిఫికేషన్ టేబుల్ దగ్గర కూర్చున్న సార్ మన మొహం చూసి సరేలే అనొచ్చు, కంప్యూటర్ మాత్రం అనదు.

మరైతే అన్నీ ఒకేలా మార్చేస్తే పోలా? ఇక్కడే నేను చాలామందితో విభేదిస్తాను. లాగిన్ అయిన యూజర్ నంబరు చెప్పే ఫీల్డు ఒకటుంది. మెషిన్ ఆన్ అవగానే తనంతట తాను మొదలయ్యే సర్వీసులకి లాగిన్ ఉండదు కాబట్టి అక్కడ 4294967295 అని పడుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు 429 కోట్లమంది యూజర్లా అని కంగారుపడతారు. నిజానికి అది మైనస్ ఒకటి, 32 బిట్లలో గుర్తు లేకుండా చదివితే అలా కనపడుతుంది. చూడ్డానికి అసహ్యంగానే ఉంది. కానీ ఎన్నో ఏళ్ళుగా ఎంతోమంది స్క్రిప్టుల్లో ఆ నంబరు రాసుకుని ఉన్నారు. రేపు ఎవరో వచ్చి అందంగా '-1' అని మారిస్తే ఆ స్క్రిప్టులన్నీ నిశ్శబ్దంగా చచ్చిపోతాయి. యూజర్ ప్రోగ్రాముల్ని విరగ్గొట్టొద్దని లైనస్ టోర్వాల్డ్స్ పదే పదే అరిచేది ఇందుకే.

అంటే ఇక్కడ రెండు రకాల పొందికలు పోట్లాడుకుంటున్నాయి. ఈ రికార్డుకీ ఆ రికార్డుకీ మధ్య పొందిక ఒకటి, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య పొందిక ఇంకొకటి. నా ఓటు రెండోదానికే. పాత తేడాల్ని ఆపార్స్ లాంటి లైబ్రరీ సర్దిపెడుతుంది, సర్దనీయండి. కొత్తగా రాసే రికార్డుకి మాత్రం సాకులు ఉండకూడదు. ఆడిట్ ప్రాజెక్టు వాళ్ళు ఫీల్డు పేర్లకి ఒక డిక్షనరీయే పెట్టారు, కొత్త పేరు పుట్టించేముందు అది తిరగేయాలి. విలువ తెలియకపోతే ఫీల్డుని ఎత్తేయకుండా 'హోస్ట్‌నేమ్=?' అని వదిలే అలవాటు ఉంది చూశారా, అది నాకు చాలా నచ్చింది. తెలియదు అని చెప్పడం వేరు, అసలు మాటే ఎత్తకపోవడం వేరు.

మన క్లబ్బువాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటి. 'అమ్మ' అని తెలుగులో ఫైలుకి పేరు పెట్టి, దానిమీద ఆడిట్ రూల్ వేసి, తెరిచి చూడండి. లాగ్‌లో అమ్మ ఉండదు. 24 హెక్స్ గుర్తులు ఉంటాయి. యూనికోడ్‌లో ఆ పేరు నాలుగు కోడ్లు (అ, మ, పొల్లు, మ), యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, బైటుకి రెండు గుర్తులు. ఇంగ్లీషు పేరైతే కోట్స్‌లో హాయిగా కనపడుతుంది. ఇది తెలుగుకి అన్యాయం అని ఒక ఫ్రెండ్ గొడవ పెట్టుకున్నాడు. నేను ఒప్పుకోను. పేరులో స్పేస్ ఉంటే ఇంగ్లీషుకీ ఇదే గతి. లైనక్స్‌లో ఫైలు పేరంటే ఉత్త బైట్లు, స్లాష్, సున్నా బైటు తప్ప ఏదైనా పెట్టొచ్చు, కొత్త లైను గుర్తుతో సహా. ఆ పేరుని ఉన్నదున్నట్టు లాగ్‌లో దించితే, దొంగ తన ఫైలు పేరులోనే ఒక అబద్ధపు రికార్డు రాసి దాచగలడు. అందుకే అనుమానం ఉన్న ప్రతి పేరుకీ ఒకటే రూలు. ఏయూసెర్చ్‌కి ఐ ఆప్షన్ ఇస్తే విప్పి చూపిస్తుంది.

జేసన్‌లో రాస్తే ఈ గోలే ఉండదు కదా అనేవాళ్ళు ఎప్పుడూ ఒకరుంటారు. జేసన్ బ్రాకెట్లని సరిచేస్తుంది, అంతే. ఒకరు 'సక్సెస్' అనీ ఇంకొకరు 'రెస్' అనీ పేరు పెడితే అది ఏం చేస్తుంది?

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో సంస్థలు లాగ్‌లని 180 రోజులు దాచాలి, సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చేయాలి. ఆ 6 గంటల్లో లాగ్ ముందు కూర్చునేది రెండు మూడేళ్ళలో మనలోనే ఎవరో. మన మినీ ప్రాజెక్టుల సంగతి చూస్తే ఒకే కోడ్‌లో 'లాగిన్ ఓకే', 'యూజర్ ఎంటర్డ్', 'డన్!!' అని ముగ్గురు మూడు ప్రింట్ఎఫ్‌లు కొడతాం. ఈ సెమిస్టర్ మా టీమ్‌కి ఒకటే షరతు పెట్టాను: లాగ్ రాసే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి, ఫీల్డు పేర్ల పట్టిక రీడ్‌మీలో మొదటే ఉండాలి. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడోవాడు ఇంకా 'డన్!!' దగ్గరే ఉన్నాడు.