డ్రాయింగు బల్ల మీద వెట్టి

ఈమధ్య ఢిల్లీలో ఆర్కిటెక్టుల సభ ఒకటి జరిగింది. ఒక పెద్దాయన మైకు ముందు నిలబడి, "ట్రైనింగుకొచ్చే పిల్లలకు స్టైపెండేమిటి? మా ఆఫీసులో కూర్చోనిస్తున్నందుకు వాళ్లే మాకు ఫీజు కట్టాలి" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఒక్కరూ లేచి ఇది తప్పని అనలేదు. నేను అంటున్నాను.

ఆ ఆఫీసుల్లో కూర్చున్న పిల్లలు ఏం చేస్తారో చూద్దాం. ఐదేళ్ల బి.ఆర్క్‌లో ఒక సెమిస్టరు ఆఫీసులో పనిచెయ్యాలి. చెయ్యకపోతే డిగ్రీ చేతికి రాదు. మా అన్నయ్య కూతురు అలాగే విజయవాడ కాలేజీ నుంచి దక్షిణ ఢిల్లీలోని ఒక బేస్‌మెంటు ఆఫీసులో చేరింది. ఇంటర్వ్యూలో డిజైన్ గురించి గంభీరంగా మాట్లాడారు. చేరాక ఆమెకు అప్పజెప్పింది టాయిలెట్ టైల్స్ డ్రాయింగులు, తలుపులూ కిటికీల షెడ్యూళ్లు. అది తీసిపారేసే పనేమీ కాదు. టైలు ఏ మూల నుంచి మొదలవ్వాలో, నీళ్లు ఎటు వాలాలో తేలకపోతే సైటులో మేస్త్రీ చేతులు ముడుచుకుని కూర్చుంటాడు. అందుకే ఆ డ్రాయింగులకు క్లయింటు డబ్బు కట్టాడు. గీసిన పిల్లకు మాత్రం రూపాయి రాలేదు. సైటు చూపించమని అడిగితే సబ్మిషన్ అయ్యాక చూద్దామన్నారు. ఒక సబ్మిషన్ అయ్యేసరికి ఇంకొకటి వచ్చి పడేది. రాత్రి చివరి మెట్రోలో మునిర్కాలోని గదికి చేరేది. ఆ గది అద్దె గుంటూరు నుంచి మా అన్నయ్య పంపాడు. దక్షిణ ఢిల్లీలో ఒక కోటీశ్వరుడి బంగళా డ్రాయింగులకు గుంటూరు బడిపంతులు జీతం ఖర్చయింది!

దీనికి గురుకులం అని పేరు పెడతారు. గురుకులంలో శిష్యుడికి తిండి పెట్టేవారు, పడుకోవడానికి చోటిచ్చేవారు. మీరు ఏది పెట్టారు?

ఢిల్లీ వచ్చిన ఆర్కిటెక్చర్ విద్యార్థులకు రాజ్ రేవాల్ డిజైన్ చేసిన ఏషియన్ గేమ్స్ విలేజ్‌ని తప్పకుండా చూపిస్తారు. ఆ సందుల్లో నీడ ఎలా పడుతుందో, ఇళ్ల మధ్య ద్వారాలెలా అమిరాయో వివరిస్తారు. ఆ ఆటల కోసం సాగిన నిర్మాణాల్లో కూలీలకు కనీస వేతనం ఎగ్గొట్టారని పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రాటిక్ రైట్స్ సుప్రీంకోర్టుకు వెళ్లిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. 1982లో జస్టిస్ భగవతి తీర్పు ఇచ్చారు. వేరే దారి లేక కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేస్తే, అదీ రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమేనని అందులో చెప్పారు. విద్యార్థి కూలీ కాడు, ఆ తీర్పు అతనికి వర్తించదని వకీళ్లు వాదించవచ్చు. వాదించనివ్వండి. డిగ్రీ ఆగిపోతుందన్న భయాన్ని మించిన నిర్బంధం ఇరవైయేళ్ల పిల్లకు ఇంకేముంటుంది?

ఐటీఓ దగ్గర ఇంద్రప్రస్థ ఎస్టేటులో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. అక్కడికి నాలుగడుగుల దూరంలోనే చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆర్టికల్‌షిప్ చేసే పిల్లలకు కనీస స్టైపెండ్ ఎంతివ్వాలో ఆ సంస్థ నిబంధనల్లోనే రాసిపెట్టింది. ఢిల్లీ కంటోన్మెంట్‌లోని ఆర్మీ మెడికల్ కాలేజీ హౌస్‌సర్జన్లకు నెలకు 25,000 రూపాయలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. లెక్కలు నేర్చుకునేవాళ్లకూ వైద్యం నేర్చుకునేవాళ్లకూ ఉన్న ఆకలి, ఇల్లు గీయడం నేర్చుకునేవాళ్లకు ఉండదా? లండన్‌లోనూ 2019లో సర్పెంటైన్ గ్యాలరీ తన పెవిలియన్ పనిలో జీతం లేనివాళ్లెవరూ ఉండకూడదని జపాన్ ఆర్కిటెక్టు జున్యా ఇషిగామి ఆఫీసుకు తేల్చిచెప్పింది.

చిన్న ఆఫీసుల దగ్గర డబ్బు లేదంటారు. సాఫ్ట్‌వేరుకూ కరెంటు బిల్లుకూ ఎక్కడి నుంచి తెస్తున్నారో అక్కడి నుంచే తీసి ఇవ్వండి. పిల్లలు తప్పులు చేస్తారంటారు. తప్పు చేశాడని ఉద్యోగి జీతం ఆపుతున్నారా?

2017 ఏప్రిల్‌లో ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్‌ని కూల్చినప్పుడు ఆర్కిటెక్టులంతా కుమిలిపోయారు. ఈ దేశంలో డిజైన్‌కు విలువ లేదన్నారు. ఉచితంగా స్కెచ్‌లు గీయించుకుని మొహం చాటేసే బిల్డర్ల మీద ఇప్పటికీ మండిపడుతుంటారు. ఆ కోపం న్యాయమైనదే, నాకూ ఉంది. కానీ బిల్డరు మీకు చేసిందే పక్క బల్ల దగ్గరున్న పిల్లకు మీరు చేస్తున్నారు. ఢిల్లీలో సొంతిల్లున్న పిల్లలకు ఇది ఇబ్బంది కాకపోవచ్చు. పెద్ద ఆఫీసు పేరు బయోడేటాలోకి ఎక్కేది వాళ్లకే. శ్రీకాకుళం పిల్ల అద్దె కట్టలేక దగ్గర్లో ఏది దొరికితే అందులో చేరుతుంది. తర్వాత ఉద్యోగానికి వస్తే, చిన్న ఊళ్ల పిల్లల పోర్ట్‌ఫోలియోలో పస లేదంటారు. పస లేకుండా చేసింది మీరే.

లోధీ రోడ్డులో జోసెఫ్ స్టైన్ డిజైన్ చేసిన ఇండియా హాబిటాట్ సెంటర్‌లో ఈ వృత్తిని నియంత్రించే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ కొలువై ఉంది. ఆర్కిటెక్టు తన దగ్గర పనిచేసేవాళ్లకు న్యాయమైన ప్రతిఫలం ఇవ్వాలని ఆ కౌన్సిల్ 1989 నాటి వృత్తి నియమావళిలోనే ఉంది. ఆ నియమం కిందికి ట్రైనీలనూ తేవాలి, కనీస మొత్తం నిర్ణయించాలి. అది ఎంతుండాలో, ఎవరు తనిఖీ చేస్తారో కూర్చుని తేల్చుకోవచ్చు. కౌన్సిల్ కదిలేదాకా ఆగనక్కర్లేకుండా కాలేజీలు ఈ సెమిస్టరు నుంచే ఒక పని చెయ్యగలవు. ప్రిన్సిపాళ్లారా, నెలకు ఎంతిస్తారో రాయని ఏ ఆఫీసు ట్రైనింగు లెటరు మీదా సంతకం పెట్టకండి.