సామాన్యుల కోటా ఎవరికి?

2018 జూన్ 10న టీవీలో 'బిగ్ బాస్' రెండో విడత నడపడానికి హీరో నాని కొత్తగా దిగాడు. మొదటి ఎపిసోడ్ చప్పగా ఉందన్నారు, జూనియర్ ఎన్టీఆర్ ఊపు లేదన్నారు. మాకూ చప్పగానే ఉంది. తప్పు నానిది కాదు. అతను వారసుడు కాదు, క్లాప్ కొట్టి పైకొచ్చినోడే. సామాన్యులకూ చోటిస్తున్నామని చాటింపేసి (డప్పు మనది, చాటింపు వాళ్లది) ముగ్గుర్ని లోపలికి పంపారు. మొదటి వారమే బయటికి పోయింది ఆ కోటాలో వచ్చినామె!

ఎన్టీఆర్ తాతది గుడివాడ దగ్గరి నిమ్మకూరు. నాని పెద్దలది దివి తాలూకా చల్లపల్లి. 2019లో ఆ కుర్చీ ఎక్కిన నాగార్జున తండ్రిది గుడివాడ తాలూకా రామాపురం. అంతా మన డెల్టానే. మరి ఈ చేలల్లో నాట్లేసిన పేటల నుంచి ఒక్కడూ ఆ కుర్చీకి పనికిరాడా? ఎన్టీఆరా, నానీయా అని బందరు బస్టాండులో కొట్టుకున్న తమ్ముళ్లారా, ఈ మాట ఎందుకడగలేదు?