ఊపిరితిత్తులకు కొత్త జన్యువు: మందు వచ్చేదాకా బిడ్డను కాపాడుకుందాం



"జన్యుచికిత్స" అనే మాట ఈమధ్య టీవీల్లోనూ సెల్‌ఫోన్లలోనూ తరచుగా వినబడుతోంది. తమ బిడ్డ దగ్గు దానితో పూర్తిగా నయమవుతుందా అని ఆశగా అడిగే తల్లిదండ్రులున్నారు. ఇది సృష్టికర్త పనిలో వేలు పెట్టడం కాదా అని సందేహపడే పెద్దలూ ఉన్నారు. ఇద్దరికీ కలిపి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పరిశోధన నిజమైనది, మేలైనది. కాని అది ఇంకా మందుగా మన చేతికి రాలేదు. వచ్చేనాటికి బాగుచేయదగిన ఊపిరితిత్తులు బిడ్డకు మిగిలి ఉండాలి. ఆ పని పరిశోధకులది కాదు, మనది.

ఈ పరిశోధన ఎక్కువగా జరిగింది సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు మీద. ఇది పుట్టుకతో వచ్చే జబ్బు. సి.ఎఫ్.టి.ఆర్. అనే జన్యువులో లోపం వల్ల కణాల్లో ఉప్పు, నీరు సరిగా అటూఇటూ కదలవు. అందువల్ల ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా చిక్కబడిపోతుంది. అందులో సూక్ష్మక్రిములు కాపురం పెడతాయి. క్లోమగ్రంథి నాళాలు మూసుకుపోయి తిన్న కొవ్వు అరగదు. చెమటలో ఉప్పు ఎక్కువగా పోతుంది. ఈ జన్యువును 1989లో లాప్-చీ సూయ్, ఫ్రాన్సిస్ కాలిన్స్, జాన్ రియోర్డన్ బృందాలు కనుగొన్నాయి. వీరిలో కాలిన్స్ తన క్రైస్తవ విశ్వాసాన్ని బహిరంగంగా చెప్పుకునే శాస్త్రవేత్త.

లోపం ఏ జన్యువులో ఉందో తెలిసింది కాబట్టి మంచి జన్యువును లోపలికి పంపితే సరిపోతుందని చాలామంది అనుకున్నారు. చిక్కంతా ఆ పంపడంలోనే ఉంది. పక్షవాత రోగిని మంచంతో మోసుకొచ్చిన నలుగురి సంగతి మనకు తెలుసు. వైద్యుడు లోపల ఉన్నాడు, రోగి బయట ఉన్నాడు, మధ్యలో జనం. కప్పు విప్పి దింపితేగాని లోపలికి చేరలేదు. జన్యువు పరిస్థితీ అంతే. తనంతట తాను కణంలోకి వెళ్లలేదు, మోసుకెళ్లేవాళ్లు కావాలి.

మొదట వైరస్‌లను మోతగాళ్లుగా వాడారు. 1993లో అమెరికాలో జలుబు కలిగించే ఒక రకం వైరస్‌ను బలహీనపరచి, అందులో మంచి జన్యువును పెట్టి రోగుల ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి పంపారు. కాని మన శరీరం వైరస్‌ను శత్రువుగా గుర్తుపట్టి తరిమేస్తుంది. ఊపిరితిత్తుల పైపొర కణాలు రాలిపోయి కొత్తవి వస్తుంటాయి కాబట్టి మందు మళ్లీమళ్లీ ఇవ్వాలి. ఇచ్చినకొద్దీ శరీరం ఎదురుతిరిగితే ఎలా?

అందుకని కొవ్వు రేణువుల వైపు చూశారు. జన్యుపదార్థానికి రుణ విద్యుదావేశం ఉంటుంది. ధన విద్యుదావేశం గల కొవ్వుతో కలిపితే రెండూ అతుక్కుని కంటికి కనబడనంత చిన్న రేణువులవుతాయి. కణం పైపొర కూడా ముఖ్యంగా కొవ్వే కాబట్టి ఆ రేణువులు లోపలికి చేరే వీలుంది. దీన్ని బ్రిటన్‌లో లండన్, ఎడిన్‌బరో, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు కలిసి ఏళ్లతరబడి పరీక్షించారు. 140 మంది రోగులు ఆ పరీక్షలో చేరారు. అందరూ 12 ఏళ్లు, ఆపై వయసువారే. కొందరికి జన్యువున్న కొవ్వు రేణువులను, కొందరికి ఉప్పునీటిని 28 రోజులకోసారి ఏడాదిపాటు నెబ్యులైజర్‌తో ఇచ్చారు. ఆయాసం వచ్చినప్పుడు మన ఆస్పత్రుల్లో పొగలా పీల్పించే యంత్రం వంటిదే అది.

2015లో ఫలితం వెలువడింది. గాలి ఊదే శక్తిలో ఉప్పునీరు పీల్చినవారు సగటున 4 శాతం నష్టపోగా, మందు పీల్చినవారు ఇంచుమించు ఉన్నచోటే నిలిచారు. రెంటికీ తేడా 3.7 శాతం. అద్భుతం జరగలేదు. జబ్బు తగ్గలేదు, ఆ ఏడాది జారిపోవడం మాత్రం ఆగింది. ఇది రోగికి చాలదని పరిశోధకులే ఒప్పుకున్నారు. ఆ నిజాయితీ నాకు గొప్పగా తోచింది. కొండంత వాగ్దానం కన్నా కొలిచి చెప్పిన గోరంత మేలే నమ్మదగినది.

2020 చివర కరోనా టీకాల్లో ఎం.ఆర్.ఎన్.ఎ.ను మోసినవి కూడా కొవ్వు రేణువులే. ఎం.ఆర్.ఎన్.ఎ. కణంలోకి వెళితే చాలు, కేంద్రకంలో దూరనవసరం లేదు. అందుకని అదే పద్ధతిలో ఊపిరితిత్తులకు మందు చేసే ప్రయత్నాలు సాగుతున్నాయి. అయితే చేతి కండరంలో సూది వేయడం వేరు, చిక్కటి కఫాన్ని దాటించడం వేరు. పిచికారీ చేసేటప్పుడు రేణువులు చెదిరిపోకూడదు, కఫంలో ఇరుక్కోకూడదు. ఇవాళ్టికి సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు పీల్చే జన్యుచికిత్స ఆమోదం పొంది అమ్మకానికి వచ్చింది లేదు. కనుక ఎవరైనా అలాంటిది చేస్తామని డబ్బు అడిగితే ఇల్లు, పొలం తాకట్టు పెట్టి ఇవ్వకండి.

ఇక విశ్వాసపరమైన సందేహం. ఊపిరితిత్తులకు ఇచ్చే ఈ మందు అక్కడి కణాల కోసమే. రోగి వంశపారంపర్యాన్ని మార్చడం దాని ఉద్దేశం కాదు. ప్రతి నెలా మళ్లీ ఇవ్వవలసి రావడమే అది శాశ్వతంగా నిలవదనడానికి గుర్తు. చక్కెర జబ్బు బిడ్డకు ఇన్సులిన్ ఇచ్చి ప్రార్థన చేస్తున్నాం కదా, ఇదీ అలాంటిదే. నన్నడిగితే మనం భయపడవలసింది మందుకు కాదు, ధరకు. 2019లో అమెరికాలో ఆమోదం పొందిన ట్రైకాఫ్టా మాత్రలు ఈ జబ్బులో ఎంతోమంది బతుకు మార్చాయి. కాని అప్పుడు అక్కడ ఏడాది ఖర్చు 3 లక్షల డాలర్లకు పైమాటే. పైగా కొన్ని రకాల జన్యులోపాలకు ఆ మాత్రలు పనిచేయవు. పాశ్చాత్యుల్లో అతి సామాన్యమైన లోపం మన దేశపు రోగుల్లో అంత ఎక్కువగా కనబడదు. అందువల్ల లోపం ఏదైనా పూర్తి జన్యువునే అందించే ఈ పద్ధతి మనవారికి మరింత అవసరం. అది ధనవంతుల సొత్తు కాకూడదని సంఘాలు ఇప్పటినుంచే గొంతెత్తాలి.

అంతవరకు మన చేతిలో ఉన్నవి చేద్దాం. ఈ జబ్బు మన దేశంలో లేదనుకోవడం పొరపాటు. ఉంది, కాని చాలాసార్లు టీబీగానో, ఆస్తమాగానో, మామూలు న్యుమోనియాగానో లెక్కకు వస్తుంది. బిడ్డకు మాటిమాటికీ న్యుమోనియా వస్తుంటే, ఆకలిగా తింటున్నా బరువు పెరగకపోతే, విరేచనం జిడ్డుగా దుర్వాసనతో అవుతుంటే, ముద్దుపెట్టుకున్నప్పుడు నుదురు ఉప్పగా తగిలితే, ఎండాకాలంలో త్వరగా సొమ్మసిల్లిపోతుంటే డాక్టరును అడగండి: "చెమట పరీక్ష చేయించాలా?" నొప్పిలేని పరీక్ష అది. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్, అంతకు మించి ఉంటే జబ్బు ఉన్నట్టు బలమైన సూచన. మీ ఊళ్లో ఆ సౌకర్యం లేకపోతే వెల్లూరు సి.ఎం.సి., ఢిల్లీ ఎయిమ్స్ వంటి పెద్ద ఆస్పత్రులకు రాయించుకోండి. టీబీ మందులు వాడుతున్నవారు మాత్రం సొంతంగా ఆపకండి.

జబ్బు తేలితే రోజూ ఛాతీ ఫిజియోథెరపీ, ఉప్పునీటి నెబ్యులైజేషన్, అన్నంతోపాటు ఎంజైము గుళికలు, వేసవిలో డాక్టరు చెప్పిన మేరకు అదనపు ఉప్పు, జ్వరం రాగానే వైద్యం. ఇవి పేపర్లలో వార్తలు కావు, కాని బిడ్డ ఊపిరిని నిలిపేవి ఇవే.

మరొక్క మాట. ఈ జబ్బు రావాలంటే తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి లోపమున్న జన్యువు రావాలి. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే కనబడతారు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఒకే తాతమ్మల జన్యువు రెండువైపులనుంచీ కలిసే అవకాశం ఎక్కువ. కనుక దగ్గరి సంబంధాలు కలుపుకునేముందు ఆలోచించండి. బిడ్డకు జబ్బు రాగానే కోడలి వంశాన్ని తప్పుపట్టే అలవాటు మన సంఘాల్లోనూ ఉంది. అది మానాలి. ఇందులో ఎవరి పాపమూ లేదు, అందరి బాధ్యతా ఉంది.

లండన్‌లోనో మరెక్కడో ఒక రోజు ఆ మోతగాళ్లు దారి కనుక్కుంటారని నా నమ్మకం. ఆ రోజుకు మన బిడ్డ ఊపిరితో ఉండాలి. అందుకోసం ప్రార్థిద్దాం. ప్రార్థించి లేచి, వచ్చే వారమే ఆ చెమట పరీక్ష సంగతి కనుక్కుందాం.