అమానతు పోగొట్టిన వారే జవాబుదారులు

ఒకరు మన వద్ద దాచుకున్న సొమ్ము అమానతు. దానిని భద్రంగా తిరిగి అప్పగించడం దివ్య ఖుర్ఆన్ విశ్వాసులపై మోపిన విధి. నేడు బ్యాంకుకు మనం అప్పగిస్తున్నది డబ్బు ఒక్కటే కాదు. ఆధార్, పాన్ సంఖ్యలు, వేలిముద్ర, ఫోను నంబరు, జీతం వివరాలు కూడా దానితో పాటే వెళుతున్నాయి. ఇవీ అమానతే. వీటిని కాపాడలేకపోయిన సంస్థ నష్టపోయిన ఖాతాదారుకు జవాబు చెప్పాలా, అక్కరలేదా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ఇది నగరవాసుల సమస్య అని కమాన్‌పూర్, రామగుండం, గోదావరిఖని వాసులు భావించరాదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు సేకరించి, వాటి నకళ్లతో వేలాది సిమ్ కార్డులను క్రియాశీలం చేశాడన్న అభియోగంపై 2018లో అరెస్టయిన వ్యాపారి మన పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందినవాడే. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని మహేశ్ సహకార బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడిన దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా తరలించుకుపోయారు. 2023 మార్చిలో కోట్లాది పౌరుల వివరాలను అమ్ముకుంటున్న ముఠాను సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ఆ వివరాలలో బ్యాంకు ఖాతాదారులవి, పాన్ కార్డుదారులవి కూడా ఉన్నాయి.

ఇటువంటి నష్టం జరిగినప్పుడు మన కుటుంబాలలో చాలామంది 'మన తఖ్దీర్' అని ఊరుకుంటున్నారు. చట్టం మాత్రం ఊరుకోమనడం లేదు. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం, బ్యాంకు లోపం వల్ల సొమ్ము పోతే ఖాతాదారుకు ఎటువంటి బాధ్యతా లేదు. లోపం బ్యాంకుదీ మనదీ కాక మరెక్కడో ఉన్నప్పుడు, బ్యాంకు సమాచారం అందిన తరువాత మూడు పనిదినాలలో ఫిర్యాదు చేస్తే నష్టమంతా బ్యాంకుదే. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే సాధారణ పొదుపు ఖాతాదారు భరించవలసినది గరిష్ఠంగా 10,000 రూపాయలు. కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక ఖాతాకు 5,000. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే భారం బ్యాంకు మీదనే ఉంది.

కనుక సొమ్ము పోయిన వెంటనే 1930కు ఫోను చేయాలి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటిమాటకు కార్యాలయాలలో విలువ ఉండదు. ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. అక్కడా న్యాయం దొరకకుంటే వినియోగదారుల కమిషన్ ఉంది. ఘటన జరిగిన రెండేళ్లలోపు, మనం నివసించే ప్రాంతపు కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టం ఇచ్చింది. గని కార్మికుల కుటుంబాలు ఈ హక్కును గుర్తుంచుకోవాలి. న్యాయ సేవల సంస్థ ఫోను 15100.

సొమ్ము పోవడం ఒక నష్టమైతే, వివరాలు బయటపడడం వేరొక నష్టం. సమాచార సాంకేతిక చట్టంలోని 43ఏ సెక్షన్, నిర్లక్ష్యంతో సున్నితమైన సమాచారాన్ని పోగొట్టిన సంస్థ బాధితునికి పరిహారం చెల్లించాలని చెబుతున్నది. ఐదు కోట్ల రూపాయల వరకు ఉన్న దావాలను రాష్ట్ర ఐటీ కార్యదర్శి విచారిస్తారు. ఈ తలుపు త్వరలో మూతపడనున్నది. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ఈ సెక్షన్‌ను తొలగిస్తున్నది. 2025 నవంబరులో వెలువడిన ప్రకటన ప్రకారం పద్దెనిమిది నెలల తరువాత ఆ తొలగింపు అమలులోకి వస్తుంది. కొత్త చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. అయితే ఆ సొమ్మంతా కేంద్ర ప్రభుత్వ ఖజానాకే జమ అవుతుంది. వివరాలు పోగొట్టుకున్న వారికి పైసా రాదు. పైగా పనికిమాలిన ఫిర్యాదు అని తేలితే ఫిర్యాదుదారుకే 10,000 రూపాయల వరకు జరిమానా!

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పునిచ్చింది. హక్కుకు భంగం కలిగినప్పుడు పరిహారం అడిగే దారి లేకపోతే ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది. షాదీ ముబారక్‌కైనా, పెన్షన్‌కైనా, బంగారు రుణానికైనా ఆధార్ నకలు ఇవ్వక తప్పని పేద ముస్లిం కుటుంబానికి వివరాలు ఇవ్వనని చెప్పే స్వేచ్ఛ లేదు. స్వేచ్ఛ లేని చోట రక్షణ మరింత గట్టిగా ఉండాలి.

అందుచేత 43ఏ సెక్షన్ పోకముందే కొత్త చట్టంలో బాధితుల పరిహారానికి చోటు కల్పించాలని మేము కోరుతున్నాము. మన పార్లమెంటు సభ్యులకు వినతిపత్రాలు పంపడం మన సంఘాల పని. జుమా నమాజు తరువాత పది నిమిషాలు కేటాయించి ఫిర్యాదు రాసే పద్ధతిని వివరించడం, ఆధార్ వేలిముద్రలకు తాళం వేసుకునే సదుపాయాన్ని వృద్ధులకు చూపించడం మసీదు కమిటీలు చేయగలిగిన సేవ. అమానతును కాపాడడం ఎంత ధర్మమో, పోయిన అమానతుకు లెక్క అడగడమూ అంతే ధర్మం.