తిరుగు టిక్కెట్టు సంగతేంటి?

కంపెనీ పంపిస్తోందని రెండు మూడేళ్ల కోసం భార్యాపిల్లలతో అమెరికా వెళ్లే కుటుంబాలు బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూర్ తెలుగువారికి కొత్తేమీ కాదు. వీసా, విమానం, పచ్చళ్ల ప్యాకింగు.. వెళ్లడానికి ఏమేం కావాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. వెనక్కి వచ్చే రోజు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అక్కడ కుదురుకోవడం మనం భయపడినంత కష్టం కాదు. ప్రభుత్వ బడుల్లో ఫీజు ఉండదు. అద్దె ఒప్పందం, పిల్లల పుట్టినతేదీ పత్రం, టీకాల వివరాలు చూపిస్తే చేర్చుకుంటారు. ఇల్లు ఏ ప్రాంతంలో ఉంటే ఆ ప్రాంతపు బడే కాబట్టి, ముందు బడి చూసుకుని తర్వాత ఇల్లు వెతుక్కోవాలి. ఇక్కడ ఉద్యోగం మానేసి వెళ్లే ఇల్లాలు ఒకటి గమనించాలి. భర్త ఎల్-1 మీద వెళ్తే ఆమె అక్కడ పని చేసుకోవచ్చు. హెచ్-1బీ అయితే ఆమెకు హెచ్-4 వస్తుంది. దాని మీద పని చేయడానికి మామూలుగా వీల్లేదు. గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత దూరం నడిచినవారి భార్యలకు, భర్తలకు మాత్రమే 2015 నుంచి అనుమతిస్తున్నారు.

ఇక పిల్లల సంగతి. హెచ్-1బీ మొదట మూడేళ్లకు ఇస్తారు, ఆరేళ్ల దాకా పొడిగిస్తారు. ఒకటో తరగతిలో వెళ్లిన పిల్లాడు ఏడో తరగతికి తిరిగొస్తాడన్నమాట. ఇక్కడేమో రాష్ట్ర భాష తప్పనిసరి. తమిళనాడు 2006లో, కర్ణాటక 2015లో, మహారాష్ట్ర 2020లో ఇందుకోసం చట్టాలు చేశాయి. తమిళనాడులో మినహాయింపు కోసం భాషా మైనారిటీలు కోర్టు మెట్లెక్కిన సంగతి తెలిసిందే. అక్షరం ముక్క రాని పిల్లాడు ఏడో తరగతి కన్నడ పాఠం ముందు కూర్చుంటే ఏం కావాలి?

'చిన్నపిల్లలు, వచ్చాక వాళ్లే నేర్చుకుంటారులే' అంటారు. వీధిలో మాట్లాడటం నేర్చుకుంటారు, నిజమే. పరీక్ష రాయడం వేరు కదా! ఇంగ్లిషు దంచేస్తున్నాడని మురిసిపోయిన తల్లిదండ్రులే అప్పుడు ట్యూషన్ల వెంట పరుగెత్తాలి.

తరతరాలుగా పరాయి భాషల మధ్య ఉంటూ తెలుగు నిలుపుకున్నాం, మనకెందుకు భయం అని కూడా అనిపిస్తుంది. ఇక్కడ తెలుగును నిలిపింది ఇంట్లో అవ్వాతాతలు, వీధిలో బంధువులు, సరిహద్దు దాటి సాగే పెళ్లి సంబంధాలు. అక్కడి అపార్ట్‌మెంటులో అవేవీ ఉండవు. ఉండేది అమ్మానాన్నలే. ఆ పని వాళ్ల నెత్తినే పడుతుంది.

చేయగలిగినవి చిన్న పనులే. ఇంట్లో మాట తెలుగులోనే ఉండాలి. దగ్గర్లో ఉంటే 2007 నుంచి నడుస్తున్న సిలికానాంధ్ర మనబడి లాంటి తరగతుల్లో చేర్చాలి. తెలుగు అక్షరాలు వచ్చిన పిల్లలకు కన్నడ అక్షరాలు తొందరగానే పట్టుబడతాయి, రెండు లిపులూ అక్కచెల్లెళ్లే. తమిళం, ఒడియా, మరాఠీలకైతే రోజూ ఓ అరగంట విడిగా కేటాయించక తప్పదు. ఊళ్లో ఉన్న తాతయ్యకు వారానికి రెండుసార్లు వీడియోలో పాఠం అప్పజెప్పించండి. ఆయనకూ కాలక్షేపం. అక్కడి బడి ఇచ్చే మార్కుల పత్రాలు, బదిలీ పత్రాలు ఏటికేడు దాచుకోండి. అక్కడ చదువు మే, జూన్‌లలో ముగుస్తుంది. ఆ సెలవుల్లోనే తిరిగొస్తే ఇక్కడ చేర్చడం సులువు.

ప్రయాణం ఖాయమైన రోజే పిల్లల పెట్టెలో రెండు వాచకాలు పెట్టండి. ఒకటి తెలుగుది, రెండోది మనముంటున్న రాష్ట్రానిది.